ఆ నాలుగు నెలలు మనం ఎక్కడున్నాం?

2023 ఫిబ్రవరిలో ఆత్రేయపురం పూతరేకుల మీద ఒక ప్రకటన వచ్చింది. పేపర్లో రాలేదు, టీవీలో రాలేదు, రావులపాలెం సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టలేదు. భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ అని చెన్నైలో ఒక ప్రభుత్వ ఆఫీసు ఉంది. అది వేసే జర్నల్లో వచ్చింది. పూతరేకుల పేరుకు గుర్తింపు కోరుతూ సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పెట్టుకున్న దరఖాస్తు వివరాలు అందులో ఉన్నాయి. విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆ సంఘానికి సాయం చేసింది. అభ్యంతరాల గడువు ముగిశాక, జూన్‌లో జీఐ ట్యాగ్ ఖాయమైంది.

జూన్‌లో వచ్చిన వార్త మనందరికీ గుర్తుంది. వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం, రీల్స్ చేశాం. ఫిబ్రవరి ప్రకటన సంగతి ఎంతమందికి తెలుసు? నా లెక్కలో అసలు విషయం అక్కడే ఉంది. ఒక పేరు ఎవరికి చెందాలో తేల్చే ముందు ప్రభుత్వం జనాన్ని అడుగుతుంది. ఆ ప్రశ్న మనదాకా రాదు. వచ్చినా అది మనకోసం కాదనుకుని వదిలేస్తాం.

పూతరేకుల విషయంలో మంచే జరిగింది, అడిగింది మన ఊరి సంఘమే కాబట్టి. రేపు మనకు సంబంధించిన పేరును ఇంకెవరో అడిగితే? జీఐ దరఖాస్తులు ఎప్పుడో ఒకటి వస్తాయి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు అలా కాదు, ప్రతి వారం వేలల్లో ప్రకటిస్తారు. వాటిలో మీ యాప్ పేరుండొచ్చు, మీ నాన్నగారి షాపు పేరుండొచ్చు, మీరు రేపు పెట్టబోయే స్టార్టప్ పేరూ ఉండొచ్చు.

ప్రకటన అంటే పేపర్ యాడ్ కాదు

చాలామంది స్టూడెంట్స్ అడిగే మొదటి డౌట్ ఇదే. "అన్నా, అడ్వర్టయిజ్డ్ అని స్టేటస్ వచ్చింది, అయిపోయినట్టేగా?" కాదు. సగం దారిలో ఉన్నట్టు.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ముందు పరిశీలకుడి దగ్గరికి వెళ్తుంది. పేరు మరీ మామూలు మాటా? ఇప్పటికే ఉన్న మార్కును పోలి ఉందా? ఇలాంటివి ఆయన చూస్తారు. అభ్యంతరం ఉంటే రిపోర్టు పంపుతారు, దానికి 30 రోజుల్లో మనం జవాబివ్వాలి. ఆ మెట్టు దాటితే దరఖాస్తు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో 20వ సెక్షన్ దీని గురించే. ఆ వెంటనే ఉన్న 21వ సెక్షన్ ఇంకా ముఖ్యమైంది. ప్రకటన వచ్చిన నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని అది అంటుంది.

"ఎవరైనా" అన్న మాట గమనించండి. మీకు సొంతంగా రిజిస్టరైన మార్కు ఉండాలని రూలేం లేదు. పెద్ద కంపెనీ అయి ఉండక్కర్లేదు. ఆన్‌లైన్లో టీఎం-ఓ ఫారం నింపాలి, ఒక్కో తరగతికి రూ.2,700 ఫీజు కట్టాలి, ఎందుకు వద్దంటున్నారో కారణాలు రాయాలి. నాలుగు నెలలు దాటితే మాత్రం ఒక్కరోజు కూడా పొడిగించరు. ఎవరూ అడ్డు చెప్పకపోతే పేరు రిజిస్టర్ అవుతుంది. హక్కు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది, పదేళ్లు ఉంటుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు.

పరిశీలకుడు ఉండగా జనాన్ని అడగడం దేనికి? ఎందుకంటే ఆయన కంప్యూటర్లో ఉన్నది రిజిస్టర్ మాత్రమే. తాపేశ్వరంలో ఫలానా వీధిలో ముప్పై ఏళ్లుగా ఒక బోర్డు ఉందని, కడియపులంక నర్సరీల్లో ఒక పేరంటే ఎవరిదో అందరికీ తెలుసని ఆ రిజిస్టర్‌కు తెలియదు. ఆ సంగతి తెలిసింది మనకే. ప్రకటన ఉన్నది మనం తెలిసింది చెప్పడానికే. మనం చెప్పకపోతే, దరఖాస్తుదారు రాసుకున్న మాటే నిలబడుతుంది.

ఒక పిన్ని, ఒక పచ్చళ్ల పేజీ

ఇలా ఊహించుకోండి. మీ పిన్ని ఆవకాయ, మాగాయ పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతోంది. ఐదేళ్లుగా నడుస్తోంది. హైదరాబాద్, అమెరికా ఆర్డర్లు కూడా వస్తున్నాయి. పేరుకు రిజిస్ట్రేషన్ లేదు. ఇంకో ఊళ్లో ఎవరో దాదాపు అదే పేరుతో దరఖాస్తు పెట్టారు. జర్నల్లో వచ్చింది. నాలుగు నెలలు గడిచాయి. వాళ్లకు సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు, ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో పిన్ని లిస్టింగ్ మాయమవుతుంది. కారణం, అవతలివాళ్లు రిజిస్ట్రేషన్ నంబర్ చూపించి ఫిర్యాదు చేశారు.

ఇక్కడితో దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ముందునుంచీ వాడుతున్నవాళ్లకు 34వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. రిజిస్టర్ అయిన మార్కును కొట్టేయమని కూడా అడగొచ్చు. కానీ అప్పటికి పరిస్థితి తిరగబడి ఉంటుంది. సర్టిఫికెట్ వాళ్ల చేతిలో ఉంది, రుజువు చేయాల్సిన భారం పిన్ని నెత్తిన పడింది. వకీలు ఫీజులు, చెన్నై ప్రయాణాలు, అవసరమైతే హైకోర్టు. నాలుగు నెలల కిటికీ తెరిచి ఉన్నప్పుడు ఒక ఫారంతో మొదలయ్యే పని, కిటికీ మూశాక ఏళ్ల తరబడి సాగే తగాదా అవుతుంది.

ఒక మాట సరిగ్గా అర్థం చేసుకోవాలి. "కాజా", "పచ్చడి", "పూతరేకులు" లాంటి వస్తువు పేర్లు ఏ ఒక్కరి సొంతం కావు. వాటిని ఒంటరిగా మార్కుగా ఇవ్వకూడదని చట్టమే చెబుతుంది. తగాదాలు వచ్చేది వాటి ముందు చేర్చే పేర్లతో. తాత పేరు, ఊరి పేరు, వీధి పేరు, ఇంటిపేరు. గోదావరి జిల్లాల్లో వ్యాపారాలు నడిచేది సరిగ్గా వీటి మీదే. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నును ఇప్పటికీ జనం గుర్తుపట్టేది యజమాని పేరుతోనే కదా. మన దగ్గర పేరే పెట్టుబడి.

పాల నందిని, భోజనాల నందిని

అభ్యంతరం చెబితే ఏమవుతుందో చూడాలంటే మన భోజనంతో ముడిపడిన కేసే ఒకటి ఉంది. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరున్న రెస్టారెంట్లు నందిని డీలక్స్. కర్ణాటక పాల సమాఖ్యది నందిని పాలు. పాలవాళ్లు ఆ పేరును 1985 నుంచి, హోటల్‌వాళ్లు 1989 నుంచి వాడుతున్నారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. హోటల్‌వాళ్లు ఆహార పదార్థాలకు ట్రేడ్‌మార్క్ అడిగితే, పాల సమాఖ్య అభ్యంతరం చెప్పింది.

2007లో రిజిస్ట్రీ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. 2011లో అప్పీల్ బోర్డు పాలవాళ్ల వైపు మొగ్గింది. 2014లో కర్ణాటక హైకోర్టు కూడా అంతే. చివరికి 2018 జులైలో సుప్రీంకోర్టు హోటల్‌వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. నందిని అన్నది మన పురాణాల్లో ఉన్న పేరే, ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదంది. రెండు లోగోలూ చూడ్డానికి వేరుగా ఉన్నాయి, సరుకులూ వేరు అంది. పాలు, పాల ఉత్పత్తులను మాత్రం హోటల్ దరఖాస్తు జాబితాలోంచి తీసేయాలని షరతు పెట్టింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, గట్టిగా అభ్యంతరం చెబితే మొత్తం దరఖాస్తు ఆగకపోయినా, మన సరుకు వరకు గిరి గీయించుకోవచ్చు. పాల సమాఖ్య ఓడినా పాలను కాపాడుకుంది. రెండు, పురాణాల్లోంచో నది పేరులోంచో తెచ్చుకున్న పేరు మీద గుత్తాధిపత్యం దొరకడం కష్టం. స్టార్టప్‌కు "గోదావరి" అని పెట్టుకుని మిగతావాళ్లను ఆపుతానంటే కుదరకపోవచ్చు. పేరు ఎంత కొత్తదైతే అంత బలం.

అభ్యంతరం మీ మీదకే వస్తే

ఈ దశ రెండువైపులా పదునున్న కత్తి. చిన్నవాళ్లను కాపాడినట్టే, చిన్నవాళ్లను భయపెట్టడానికీ పనికొస్తుంది. కొన్ని పెద్ద సంస్థలు తమ పేరులో ఒక్క ముక్క కలిసినా అభ్యంతరం దాఖలు చేస్తాయి. అవతలివాడు జడుసుకుని వదిలేస్తాడని వాళ్ల లెక్క. ఆ లెక్క నిజమవుతోందంటే కారణం చట్టం కాదు, మన మెయిల్ బాక్స్.

అభ్యంతరం నోటీసు అందిన రెండు నెలల్లోపు మనం ఎదురు జవాబు దాఖలు చేయాలి. చేయకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. మన వాదన ఎంత బలమైనదైనా ఎవరూ చదవరు. కాలేజీలో ఉండగా ఎవరో కన్సల్టెంట్‌తో దరఖాస్తు పెట్టించడం, ఆయన మెయిల్ ఐడీయే ఇవ్వడం, తర్వాత ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోవడం. నోటీసు ఎక్కడికో పోతుంది, రెండు నెలలు అయిపోతాయి. కాబట్టి దరఖాస్తులో మీ సొంత మెయిల్, మీ సొంత ఫోన్ నంబర్ ఉండాల్సిందే. దరఖాస్తు నంబర్ కొట్టి నెలకోసారి స్టేటస్ చూసుకోండి. "అపోజ్డ్" అని కనిపిస్తే కంగారు పడొద్దు, క్యాలెండర్ చూడండి.

ఇంకో జాగ్రత్త. జర్నల్లో వచ్చిందంటే మీ పేరు, చిరునామా అందరికీ కనిపిస్తాయి. దాన్ని పట్టుకుని "రిజిస్ట్రేషన్ ఫీజు వెంటనే కట్టండి" అంటూ ప్రభుత్వ లేఖల్లా కనిపించే మెయిళ్లు, ఫోన్లు వస్తుంటాయి. దరఖాస్తు పెట్టినప్పుడు కట్టిన ఫీజే ఫీజు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్లో అయితే ఒక్కో తరగతికి రూ.4,500. సర్టిఫికెట్ కోసం వేరే ఫీజంటూ లేదు. అలాగే సర్టిఫికెట్ రాకముందే పేరు పక్కన గుండ్రంలో ఆర్ అక్షరం పెట్టుకోకూడదు, టీఎం అని పెట్టుకోవచ్చు.

పూతరేకులకు ఇంకో పని మిగిలుంది

జీఐ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. సంఘానికి గుర్తింపు రాగానే ఊళ్లో అందరికీ అన్ని హక్కులూ వచ్చేసినట్టు కాదు. ఒక్కో తయారీదారు "అధీకృత వినియోగదారు"గా విడిగా నమోదు చేసుకోవాలి. అప్పుడే జీఐ గుర్తును తన డబ్బా మీద వేసుకునే హక్కు, ఎవరైనా నకిలీ అమ్మితే కోర్టుకు వెళ్లే హక్కు గట్టిగా చేతికొస్తాయి. దీని ఫీజు గతంలో రూ.500 ఉండేది. 2020లో రూ.10కి తగ్గించారు. అవును, పది రూపాయలే.

ఫీజు పది రూపాయలే గానీ ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది. కుండ బోర్లించి, కొబ్బరాకు మంట మీద, జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీసే అక్కకు ఆ ఫారం ఒక గోడ. బీటెక్ చదివే మీకు అది అరగంట పని. ఉప్పాడ జామ్‌దానీ చీరలకు 2009లో, నరసాపురం లేసుకు 2024లో జీఐ వచ్చింది. అక్కడా అంతే. మగ్గం మీద కూర్చున్నవాళ్లు, క్రోషే సూది పట్టినవాళ్లు ఎంతమంది సొంత పేరుతో నమోదయ్యారో మీ ఊళ్లో ఒక్కసారి అడిగి చూడండి. అడిగితే చాలు, పని ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది.

తప్పు ఎవరిది, పని ఎవరిది

ట్రేడ్ మార్క్స్ జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. ఆన్‌లైన్లో ఉచితం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చట్టం దృష్టిలో అది బహిరంగ ప్రకటనే. కానీ వేల పేజీల పీడీఎఫ్‌లో, ఇంగ్లిష్‌లో, తరగతి నంబర్ల కింద అచ్చయిన పేరును అమలాపురంలో మిఠాయి కొట్టు నడిపే ఆయన చూస్తాడని ఆశించడం న్యాయమేనా? చెరువు మధ్యలో నోటీసు అంటించి, చదవకపోవడం మీ తప్పు అన్నట్టుంది.

ప్రభుత్వం చేయగలిగింది చాలా చిన్నది. ఆంధ్రప్రదేశ్ చిరునామాలతో వచ్చిన దరఖాస్తులను, మన ఊళ్ల పేర్లున్న మార్కులను వారం వారం విడదీసి, జిల్లా పరిశ్రమల కేంద్రం నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టొచ్చు. చాంబర్ ఆఫ్ కామర్స్ వాట్సాప్ గ్రూపుల్లో వేయొచ్చు. దీనికి చట్టం మార్చక్కర్లేదు.

అది జరిగేదాకా చేతులు కట్టుకు కూర్చోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఇది అచ్చంగా ఇంజినీరింగ్ సమస్య. భీమవరం, సూరంపాలెం, రాజానగరం కాలేజీల్లో ఏటా ఎన్నో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు తయారవుతాయి. హాజరు తీసుకునే ఫేస్ రికగ్నిషన్ ఇంకెన్నిసార్లు చేస్తాం? సోమవారం పీడీఎఫ్ తెరిచి అందులోని పేర్లు, తరగతులు, చిరునామాలు విడదీసే ప్రోగ్రాం రాయండి. మిఠాయిలు 30వ తరగతి, శుద్ధి చేసిన రొయ్యలు 29, నర్సరీ మొక్కలు 31, యాప్‌లు 9, కోచింగ్ సెంటర్లు 41, హోటళ్లు 43. మన జిల్లాలకు కావాల్సినవి ఆరేడు తరగతులే.

ఇందులో నిజమైన సవాలు ఒకటుంది. ఒకే తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఐదారు రకాలుగా రాస్తాం. దీర్ఘానికి ఒక ఏ పెట్టేవాళ్లు కొందరు, రెండు పెట్టేవాళ్లు కొందరు. వత్తు ఉన్నచోట హెచ్ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. అక్షరాలు వేరైనా ఉచ్చారణ ఒకటే అని గుర్తుపట్టే ప్రోగ్రాం తెలుగు తెలిసినవాడే బాగా రాయగలడు. నందినికీ నందినికీ మధ్య ఒక్క అక్షరం మీద పదేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగారని పైన చూశాం కదా. మీ ప్రాజెక్టు పట్టుకోవాల్సింది సరిగ్గా అలాంటి జంటల్నే. ఇంటర్వ్యూలో "ఏం చేశావు" అని అడిగితే, "మా జిల్లాలో ఇన్ని షాపులకు వారం వారం అలర్ట్ వెళ్తోంది" అని చెప్పడానికి మించిన రెజ్యూమె లైన్ ఏముంటుంది?

కెరీర్ కోణం కూడా చెప్పాలి. ఏ డిగ్రీ అయినా పూర్తిచేసి 21 ఏళ్లు నిండినవాళ్లు ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్షకూ అర్హులే. ఇవి ఏటా ఫలానా నెలలో అని జరిగేవి కావు, నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండాలి. మేధోసంపత్తి వ్యవహారాలు చూసే సంస్థల్లో జర్నల్ గమనించడం, పోలిక రిపోర్టులు తయారుచేయడం కూడా ఉద్యోగమే. సాఫ్ట్‌వేర్ కొలువులు సన్నగిల్లాయని బాధపడే రోజుల్లో, పక్క దారి తెలిసి ఉండటం మంచిది.

మొదలుపెట్టేవాళ్లకు

- మీ ఇంట్లో, మీ వీధిలో నడుస్తున్న వ్యాపారం పేరును ప్రభుత్వ సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో ఒకసారి వెతకండి. ఐదు నిమిషాలు పడుతుంది, డబ్బు ఖర్చు లేదు.
- పాత బిల్లులు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్, జీఎస్టీ కాగితాలు, బోర్డు ఫొటోలు, మొదటి ఇన్‌స్టా పోస్టు స్క్రీన్‌షాట్ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఎప్పటినుంచి వాడుతున్నారో రుజువు చేసేవి ఇవే.
- జర్నల్లో అనుమానం కలిగించే పేరు కనిపిస్తే, ముందు ప్రకటన తేదీ రాసుకోండి. దానికి నాలుగు నెలలు కలిపి చూసుకోండి. ఆ తేదీ దాటితే ఇంకే కారణమూ పనిచేయదు.
- అభ్యంతరం దాఖలు చేసేముందు వకీలుతోనో ఏజెంట్‌తోనో మాట్లాడండి. కోపంతో పెట్టిన అభ్యంతరం నిలబడదు, కాగితాలతో పెట్టింది నిలబడుతుంది.

పేరు పోయాక మా తాతల నాటిదని చెప్పుకుంటే వినేవాళ్లుండరు. చట్టం అడిగింది, గడువిచ్చింది, జనం మాట్లాడలేదు, అంతే. రేపు సోమవారం మళ్లీ జర్నల్ వస్తుంది. అందులో మన గోదావరి ఊళ్లవి ఎన్ని పేర్లుంటాయో నాకు తెలియదు. చూసేవాడు ఒక్కడైనా ఉండాలి. ఆ ఒక్కడు మీ క్లాసులోంచి రావాలని నా కోరిక.